ముసుగు ఎవరిది? గుర్రం ఎక్కింది ఎవరు?

పోయిన నెల ఒక రాత్రి పదకొండింటికి ఫోన్ మోగింది. మా దేవరకొండ తమ్ముడే. బీటెక్ అయిపోయి ఏడాదిన్నర. ఎత్తగానే గుక్క తిప్పకుండా మొదలుపెట్టాడు.

"అన్నా, అమీర్‌పేటల ఒకాయన మూడేళ్ల ఎక్స్‌పీరియెన్స్ పెట్టిస్తనంటుండు. ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్ అన్నీ ఆయనే ఇస్తడంట. ఆన్‌లైన్ ఇంటర్వ్యూకు గూడ వేరేటాయన మాట్లాడతడంట, నేను పెదాలు కదిపితే చాలంట. లక్షన్నర అడుగుతుండు. నాయిన అప్పు తెస్తనన్నడు. ఏం జెయ్యమంటవ్?"

ఆ టైమ్‌లో నా ల్యాప్‌టాప్‌లో 1938 నాటి ఒక బ్లాక్ అండ్ వైట్ సీరియల్ నడుస్తోంది. తెల్ల గుర్రం మీద, ముఖానికి ముసుగు కట్టుకున్న కౌబాయ్ దూసుకుపోతున్నాడు. పాజ్ కొట్టాను. "రేపు చెప్తా తమ్మీ" అని పెట్టేశాను. నిజం చెప్పాలంటే తప్పించుకున్నాను. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు ఆ ముసుగు మనిషి సంగతి వినండి. పాత సినిమా కబుర్లు మాకెందుకు అనుకోకండి. వాడి కథకూ ఈ తమ్ముడి ప్రశ్నకూ సంబంధం ఉందని ఆ రాత్రే నాకు తట్టింది.

ఆ సీరియల్ పేరు 'ది లోన్ రేంజర్'. హీరో పుట్టింది సినిమాలో కాదు, రేడియోలో. 1933 జనవరి చివర్లో డెట్రాయిట్‌లోని ఒక రేడియో స్టేషన్‌లో మొదటిసారి వినిపించాడు. ఐదేళ్ల తర్వాత రిపబ్లిక్ పిక్చర్స్ వాళ్లు 15 భాగాల సినిమా సీరియల్‌గా తీశారు. అప్పట్లో అమెరికాలో థియేటర్లలో వారానికో భాగం వేసేవాళ్లు. శనివారం మధ్యాహ్నం పిల్లలంతా అక్కడే. ఇరవై నిమిషాలు అటూ ఇటూ నడిచి, సరిగ్గా హీరో లోయలో పడబోతుంటే ఆపేసేవాళ్లు. వచ్చే వారం చూస్తే, పడకముందే దూకేసి ఉంటాడు. మన డైలీ సీరియళ్లలో శుక్రవారం ఎపిసోడ్ చివర తలుపు ఎవరో కొడతారు చూడండి, ఆ కిటుకుకు తాతలు వీళ్లు.

ఆ 15 భాగాల్లో అసలు పజిల్ వేరే ఉంది. ఐదుగురు మనుషులుంటారు. అందులో ఒకడే ముసుగు వీరుడు. ఎవరో చెప్పరు. కథ నడుస్తున్నకొద్దీ ఒక్కొక్కరే చనిపోతుంటారు. మిగిలినవాడు చివర్లో ముసుగు తీస్తాడు. పిల్లలు వారం వారం ఇదే లెక్క వేసుకుంటూ వచ్చేవాళ్లు.

నాకు మాత్రం ఇంకో అనుమానం పట్టుకుంది. ఇంజినీరింగ్ బుద్ధి కదా, ఖర్చు ఎక్కడ తగ్గించారా అని చూస్తుంటా. ముసుగు హీరో కథలే ఇన్ని ఎందుకు తీశారు? జోరో ఉన్నాడు. డురాంగో కిడ్ ఉన్నాడు. చార్లెస్ స్టారెట్ అనే నటుడు 1940లో ఒకసారి ఆ వేషం కట్టి, మళ్లీ 1945 నుంచి 1952 దాకా వరసబెట్టి అదే పాత్రలో చేస్తూనే పోయాడు. అన్నిటిలోనూ ముసుగు. కథకు అందం ఒక కారణమే. ఇంకో కారణం కూడా ఉంది. ముఖం కనబడకపోతే గుర్రం మీద ఎవరున్నా ఒకటే!

1939లో వచ్చిన 'జోరోస్ ఫైటింగ్ లీజియన్' చూడండి. డైలాగులు చెప్పేది రీడ్ హ్యాడ్లీ. పరిగెత్తే బండి మీదికి దూకేది, గుర్రాల మధ్య పడేది యకీమా కనట్ అనే స్టంట్‌మ్యాన్. ముసుగు ఇద్దరికీ ఒకటే. కోతలో ఎక్కడ ఒకరు పోయి ఇంకొకరు వచ్చారో పట్టుకోవడం కష్టం. ఈ కనట్ మామూలోడు కాదు. అదే ఏడాది జాన్ ఫోర్డ్ తీసిన 'స్టేజ్‌కోచ్'లో, పరుగు మీదున్న గుర్రాల మధ్య కిందపడి, బండి తన మీది నుంచి వెళ్లిపోయేలా చేశాడు. 'బెన్‌హర్' రథాల పోటీ తెర మీద అట్లా రావడంలో అతని చెయ్యి ఉంది. 1967లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు. ముఖం చూపించకుండా పనిచేసినవాడికి పేరు పెట్టి పిలిచి ఇచ్చారు.

"మరి ప్రాక్సీ ఇంటర్వ్యూ కూడా ఇట్లాంటిదే కదా? ఒకడు మాట్లాడతాడు, ఇంకొకడు పెదాలు కదుపుతాడు" అని మీరు అడగొచ్చు. నేనూ ఆ రాత్రి అదే ఆలోచించాను. కాదు. సినిమాలో డూప్ ఉన్నాడని డైరెక్టర్‌కు తెలుసు, ప్రొడ్యూసర్‌కు తెలుసు, క్యాషియర్‌కు కూడా తెలుసు. ఎవరి పనికి వాళ్లకు డబ్బులిచ్చారు. ఇంకో ముఖ్యమైన సంగతి, షూటింగ్ అయిపోయాక రీడ్ హ్యాడ్లీని ఎవరూ సోమవారం ఉదయం తొమ్మిదింటికి వచ్చి నిజంగా బండి మీదికి దూకమని అడగలేదు.

మిమ్మల్ని అడుగుతారు.

మన దగ్గర ముసుగు కట్టిందెవరు?

మన దేశంలో ఈ ముసుగును ముందుగా ఖంగుమనిపించింది ఒక ఆడమనిషి. 1935లో వాడియా మూవీటోన్ వాళ్ల 'హంటర్‌వాలీ'లో ఫియర్‌లెస్ నాడియా. ఆస్ట్రేలియాలో పుట్టి, బొంబాయిలో పెరిగిన మనిషి. ముఖానికి నల్ల ముసుగు, చేతిలో కొరడా, కింద గుర్రం. వాడియా సోదరులకు డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ జోరో అంటే పిచ్చి. అందులోంచి వచ్చిందే ఈ వేషం. కానీ తేడా ఉంది. ముసుగు ఉంది కాబట్టి డూప్‌ని పెట్టొచ్చు. నాడియా తన స్టంట్లు తనే చేసింది.

తెలుగులోకి వస్తే గుర్రాలు, కత్తులు మనకు కొత్త కాదు. జానపద సినిమాల్లో రాకుమారుడు మారువేషం వేయని కథ ఎక్కడుంది? ఆ కత్తి వీరుల్లో పేరున్న కాంతారావు మన ఉమ్మడి నల్లగొండ జిల్లావారే. కోదాడ దగ్గర గుడిబండ. 'కత్తి కాంతారావు' అంటే పెద్దవాళ్లకు ఇప్పటికీ తెలుసు. నల్లగొండ నుంచి మద్రాసు దాకా వెళ్లి, హీరోగా నిలబడి, తర్వాత సొంతంగా సినిమాలు తీసి నష్టపోయిన మనిషి. ఆయన కథ ఇంకో రోజు చెప్పుకోవాలి, అది చిన్నది కాదు.

అసలు కౌబాయ్ మాత్రం 1971 ఆగస్టు 27న వచ్చాడు. 'మోసగాళ్లకు మోసగాడు'. కృష్ణ హీరో, విజయనిర్మల హీరోయిన్, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకుడు. మన దేశంలో తొలి కౌబాయ్ సినిమాగా దీన్నే చెప్పుకుంటారు.

మా మామ అది చిన్నప్పుడు టెంటు హాల్లో, నేల మీద కూర్చుని చూశాడట. అప్పట్లో మద్రాసులో రిలీజైన సినిమా మన దగ్గరికి రావాలంటే ఎంత కాలం పట్టేదో ఆయననే అడగాలి. ఖిలా మీదికి ఎప్పుడు వెళ్లినా ఆ గుండ్లు చూపించి ఒకటే మాట: "అరేయ్ అల్లుడా, గా సినిమా ఈడ తీస్తె కాకపోవునా? గీ గుండ్లు, గీ ఎండ, గీ తుమ్మ చెట్లు ఉండంగ బికనీర్ దాక ఎందుకు పోయిండ్రు ర?" నిజంగానే, మన దేవరకొండ గుట్టల మధ్య సాయంత్రం నిలబడితే ఎటునుంచో గుర్రపు డెక్కల చప్పుడు వస్తుందేమో అనిపిస్తుంది. యూనిట్ మాత్రం రాజస్థాన్ ఎడారికి వెళ్లింది. ఇసుక కావాలి మరి. మన దగ్గర ఇసుక ఉంటే లారీల్లో పోతుంది, సినిమాల్లోకి కాదు.

ఆ సినిమా తీసిన సందర్భం మీకు పనికొస్తుంది. పద్మాలయా బ్యానర్ పెట్టి కృష్ణ కుటుంబం తీసిన మొదటి సినిమా 'అగ్నిపరీక్ష' దెబ్బతింది. రెండోది కూడా పోతే సంస్థ నిలబడడం కష్టం. అట్లాంటప్పుడు మామూలుగా ఏం చేస్తారు? ఒక సేఫ్ కుటుంబ కథ తీస్తారు. వీళ్లు ఎవరూ తియ్యని కౌబాయ్‌ని పట్టుకున్నారు. మద్రాసులో ఆడుతున్న ఇంగ్లిష్ సినిమాలు, ముఖ్యంగా సెర్జియో లియోనీ తీసినవి, 'మెకన్నాస్ గోల్డ్' లాంటివి చూసి పుట్టిన ఆలోచన అది. ఆ ప్రభావం దాచేస్తే దాగేది కాదు, టోపీ దగ్గరి నుంచి కనబడుతుంది.

కానీ దించేసి వదిలేయలేదు. మనకు టెక్సాస్ లేదు, షెరీఫ్ లేడు, అమెరికా అంతర్యుద్ధం అసలే లేదు. టోపీ పెట్టుకున్న మనిషి ఇక్కడ ఎందుకు తిరుగుతున్నాడు అని నేల క్లాసు ప్రేక్షకుడు అడిగితే జవాబుండాలి. కథను తెల్లదొరల కాలానికి తీసుకెళ్లి, ఒక సంస్థానం నిధి చుట్టూ తిప్పారు. నిధి, దాని వెనకపడే మోసగాళ్లు, వాళ్లను మించిన మోసగాడు. మన జానపద సినిమా చూసిన కళ్లకు ఇది తెలిసిన దారే. కత్తి పోయి తుపాకి వచ్చింది, అంతే.

ఈ పని చేసిన రచయిత ఎవరో తెలుసా? ఆరుద్ర! రజాకార్ల కాలం నాటి తెలంగాణ నేపథ్యంలో 'త్వమేవాహం' రాసిన కవి, 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' సంపుటాలు రాసిన పరిశోధకుడు, ఆయనే కూర్చుని కౌబాయ్ కథ రాశారు. సివిల్ చదివి కోడింగ్‌లోకి వెళ్లొచ్చా, బీకాం వాళ్లకు డేటా ఉద్యోగాలు వస్తాయా అని నాకు వారానికి పది మెసేజ్‌లు వస్తాయి. వచ్చినప్పుడల్లా నాకు ఆరుద్రే గుర్తొస్తారు. దర్శకుడు దాస్ సంగతి దానికి తలకిందులు. ఆయన అంతకుముందు ఏడాదే విజయలలితతో 'రౌడీరాణి' తీసి, ఫైట్లు తియ్యడం వచ్చని చూపించి ఉన్నాడు. ఆయన్ని పిలిచింది చేసి చూపించిన పని చూసే. కెమెరా వి.ఎస్.ఆర్. స్వామి. సంగీతం 'సువర్ణసుందరి'కి చేసిన ఆదినారాయణరావు. పాతకాలపు పాటల మనిషితో కౌబాయ్ సినిమాకు సంగీతం చేయించడం కూడా ఒక సాహసమే.

సినిమా ఆడింది. తమిళంలోకి, హిందీలోకి, చివరికి 'ట్రెజర్ హంట్' పేరుతో ఇంగ్లిష్‌లోకి కూడా పోయింది. కౌబాయ్‌ల భాషలోకి మన కౌబాయ్! తర్వాత చిరంజీవి 'కొదమసింహం' (1990), మహేశ్‌బాబు 'టక్కరి దొంగ' (2002) ఆ దారిలో వచ్చినవే.

ఇక్కడ ఒకటి గమనించండి. ఈ కౌబాయ్‌కి ముసుగు లేదు. టోపీ ఉంది, చుట్టూ మోసముంది. ముఖం మాత్రం కృష్ణదే, నేల టికెట్టు వాడికి కూడా స్పష్టంగా కనబడేలా.

కృష్ణ 2022 నవంబర్ 15న చనిపోయారు. తర్వాత వచ్చిన ఆయన తొలి పుట్టినరోజు, 2023 మే 31న, ఈ సినిమాను 4కె చేసి మళ్లీ విడుదల చేశారు. మామను తీసుకుని హైదరాబాద్‌లో చూశాను. ఆయన విజిల్ వేశాడు, నేను స్క్రీన్ అంచులు చూస్తూ కూర్చున్నాను. యాభై ఏళ్లు దాటిన ఫిల్మ్‌ను ఫ్రేమ్ ఫ్రేమ్‌గా స్కాన్ చేయాలి, గీతలు, దుమ్ము తీయాలి, వెలిసిన రంగులు సరిచేయాలి. సెకనుకు 24 ఫ్రేములు, లెక్క వేసుకోండి. ఇది ఒక ఉద్యోగం అని కూడా మన కాలేజీల్లో ఎవరూ చెప్పరు. ముంబైలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ ఏటా జరిపే రిస్టొరేషన్ వర్క్‌షాప్ 2019 డిసెంబర్‌లో హైదరాబాద్‌లోనే జరిగింది. పుణెలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది. యానిమేషన్, గేమింగ్ కోసం తెలంగాణ 2016లోనే ఇమేజ్ పాలసీ తెచ్చింది. ఇమేజ్ ప్రాసెసింగ్ ఎలెక్టివ్ తీసుకుని పాసైతే చాలనుకున్న వాళ్లు ఒకసారి ఇటు చూడండి.

ముసుగు కంపెనీదే

మళ్లీ లోన్ రేంజర్ దగ్గరికి. 1938 సీరియల్‌లో చివరికి ముసుగు తీసిన నటుడు లీ పావెల్. తర్వాతి ఏడాది రెండో సీరియల్ తీసినప్పుడు అతను లేడు, రాబర్ట్ లివింగ్‌స్టన్‌ను పెట్టుకున్నారు. ముసుగు అదే, గుర్రం పేరు అదే, మనిషి వేరు. 1949లో టీవీలోకి వచ్చినప్పుడు క్లేటన్ మూర్ వేశాడు. మధ్యలో కొంతకాలం అతన్నీ తీసేసి జాన్ హార్ట్‌ని పెట్టారు, మళ్లీ మూర్‌నే తెచ్చుకున్నారు. సిరీస్ 1957 దాకా నడిచింది.

ఆ తర్వాత కూడా మూర్ అదే ముసుగు కట్టుకుని ఊళ్లలో ప్రదర్శనలకు, పిల్లల దగ్గరికి వెళ్లేవాడు. జనానికి లోన్ రేంజర్ అంటే అతనే. 1979లో, పాత్ర హక్కులున్న యజమాని కొత్త సినిమా ఒకటి తీయబోతూ కోర్టుకు వెళ్లాడు. ముసుగుతో జనంలోకి రావద్దని ఆర్డర్ తెచ్చాడు. మూర్ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని తిరిగాడు. 1981లో ఆ కొత్త సినిమా వచ్చింది, పోయింది. 1984లో గానీ ముసుగు అతని చేతికి తిరిగి రాలేదు.

జీతం తీసుకుని ఆడిన వేషానికే ఇంత కథ ఉంటే, డబ్బు కట్టి అద్దెకు తెచ్చుకున్న వేషం ఎవరి చేతుల్లో ఉంటుంది? ఇచ్చినవాడి చేతుల్లోనే. ఇది నాకు తెలుసు, ఎందుకంటే నేను కట్టాను.

ఆ రాత్రి తమ్ముడికి వెంటనే జవాబు చెప్పలేకపోయింది అందుకే. 2019లో నేనూ అమీర్‌పేట హాస్టల్లో ఉన్నాను. ఒక కన్సల్టెన్సీ వాడు, పేరు వద్దు లెండి, రెండున్నరేళ్ల అనుభవం పెట్టిస్తానన్నాడు. అడ్వాన్సు నలభై వేలు. నాయిన పత్తి డబ్బుల్లోంచి ఇచ్చాడు. కోర్సు ఫీజు అని చెప్పి తీసుకున్నాను. ఇంటికి చెప్పిన ఆ అబద్ధం ఇప్పటికీ గుచ్చుతుంది.

రెజ్యుమే ఘనంగా తయారైంది. మొదటి రౌండ్ దాటాను కూడా. రెండో రౌండ్‌లో నెమ్మదిగా మాట్లాడే ఒక మేడమ్ ఉన్నారు. థియరీ ఏమీ అడగలేదు. "రాత్రి రెండింటికి మీ సర్వర్ పడిపోయిన రోజు ఒకటి చెప్పండి. ముందు ఎవరికి ఫోన్ చేశారు?" అన్నారు. అంతే. రెండున్నరేళ్లు పనిచేసినవాడికి అట్లాంటి రాత్రి ఒక్కటైనా ఉంటుంది. నాకు లేదు. బట్టీ పట్టిన 120 ప్రశ్నల్లో అది లేదు. ఏదో చెప్పబోయాను, ఆమె వినలేదు కూడా. "సరే, మీ యూఏఎన్ పంపండి" అన్నారు. కాల్ కట్.

యూఏఎన్ అంటే ఏంటో చాలామంది ఫ్రెషర్లకు తెలియదు. పీఎఫ్ కోసం ఇచ్చే నంబర్. దాని సర్వీస్ హిస్టరీలో మీరు ఏ సంస్థలో ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు అన్నీ తేదీలతో ఉంటాయి. ఆదాయపు పన్ను ఫారం 26ఏఎస్‌లో ఎవరు మీ జీతంలో టీడీఎస్ కోశారో కనబడుతుంది. పేస్లిప్‌ను ఫొటోషాప్ చేయొచ్చు, వీటిని చేయలేరు. చేరిన తర్వాత కూడా వెరిఫికేషన్ నడుస్తుంది, ఆరు నెలలకు దొరికిపోయి బయటికి వచ్చినవాళ్లు నాకు తెలుసు. దొంగ పత్రాలు పెట్టడం ఫోర్జరీ, నేరం కిందికి వస్తుంది. ఇక ప్రాక్సీ అయితే, ఇంటర్వ్యూ రికార్డింగ్ ఉంటుంది. చేరిన రోజు మీ గొంతు, ఆ గొంతు ఒకటి కాకపోతే మేనేజర్‌కు ఎక్కువ సేపు పట్టదు. ఇప్పుడు కొన్ని కంపెనీలు చివరి రౌండ్‌కు మళ్లీ ఆఫీసుకే రమ్మంటున్నాయి. ఎందుకో మీకు అర్థమైందిగా.

నా నలభై వేలు రాలేదు. వాడి ఆఫీసు మూడు నెలలకు ఇంకో బోర్డుతో ఇంకో గల్లీలో తెరిచారని విన్నాను. డబ్బు పోయిందని తెలిసిన రోజే కంప్లయింట్ ఇవ్వాల్సింది. నేను సిగ్గుతో ఇవ్వలేదు. ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోతే 1930 నంబర్‌కు వెంటనే కాల్ చేయండి, గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బు ఆపడం కష్టమవుతుంది.

తర్వాత ఒక చిన్న కంపెనీలో నైట్ షిఫ్ట్ సపోర్ట్‌లో చేరాను. జీతం ఎంతో రాయను, హాస్టల్ ఫీజు, బస్ పాస్ పోగా టీ డబ్బులు మిగిలేవి. అక్కడ చేరిన నాలుగో వారం రాత్రి రెండున్నరకు సర్వర్ పడింది. ముందు ఎవరికి ఫోన్ చేయాలో తెలియక తప్పు మనిషికి చేసి తిట్లు తిన్నాను. ఆ రాత్రి ఏం జరిగిందో తెల్లారి రాసి పెట్టుకున్నాను. నా బ్లాగులో మొదటి పోస్ట్ అదే. దాన్ని చదివే రెండో కంపెనీ వాళ్లు పిలిచారు. ఇంటర్వ్యూలో గంట సేపు ఆ ఒక్క రాత్రి గురించే మాట్లాడుకున్నాం.

ఇదంతా మర్నాడు తమ్ముడికి చెప్పాను. ఫోన్‌లో కాదు, ఆదివారం బస్సెక్కి దేవరకొండ వచ్చి, ఖిలా మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పాను. వాడు ఎదురు వాదించాడు. "నువ్వు సెటిలైనవ్ అన్నా, ఇప్పుడు ఎన్నైనా చెప్తవ్. మా బ్యాచ్‌ల అట్ల పోయినోళ్లు ముగ్గురు నౌకరీ చేస్తుండ్రు. ఆళ్లను ఎవరు పట్టుకున్నరు?" అన్నాడు. దానికి నా దగ్గర గట్టి జవాబు లేదు. ఆ ముగ్గురూ చేస్తున్న మాట నిజమే కావచ్చు. రోజూ ఆఫీసులో ఎట్లా ఉంటున్నారో వాళ్లకే తెలుసు.

వాడి ల్యాప్‌టాప్ తెరిపించాను. ఫైనలియర్‌లో చేసిన ప్రాజెక్టు ఒకటి ఉంది. డిండి కింద ఊళ్లలో రైతులు మోటార్ ఆన్ చేయడానికి రాత్రిపూట పొలానికి పోకుండా, మిస్డ్ కాల్‌తో నడిచే బాక్స్. నలుగురి పేరు మీద ఉంది గానీ సోల్డరింగ్ నుంచి కోడ్ దాకా చేసింది వీడొక్కడే. మిగతా ముగ్గురు ముసుగులే! రెజ్యుమేలో దాన్ని ఒక్క లైన్లో రాశాడు, అదీ ఎక్కడో కింద, హాబీల పైన. మీలో చాలామంది ఇదే పని చేస్తారు. సొంతంగా చేసింది కింద, కాపీ కొట్టిన 'కెరీర్ ఆబ్జెక్టివ్' పైన. ఎన్నిసార్లు రిలే కాలింది, ఎందుకు కాలింది, దాన్ని ఎట్లా సరిచేశాడు అని అడిగితే అరగంట ఆగకుండా చెప్పాడు. ఒక్క అబద్ధం లేదు, ఒక్కసారి తడబడలేదు. చెప్పేటప్పుడు వాడి ముఖం చూడాలి మీరు.

చీకటి పడుతుంటే దిగొచ్చాం. కన్సల్టెన్సీ వాడు అడ్వాన్సుకు శుక్రవారం దాకా టైమ్ ఇచ్చాడట. ఇది రాస్తున్నది గురువారం రాత్రి. వాడి దగ్గరి నుంచి ఇంకా ఫోన్ రాలేదు. మధ్యాహ్నం మాత్రం వాట్సాప్‌లో రెజ్యుమే పంపాడు. మోటార్ బాక్స్ పైకి వచ్చింది. కింద అనుభవం దగ్గర ఏమీ రాయలేదు, ఖాళీ వదిలాడు.